పక్కనుంచి తీసిన ఫొటో

ఆ మంగళవారం పొద్దున్న నా చేతిలో ఉన్న సరుకు ఇది. పైకి లేవని కుడిచేయి ఒకటి. ఆ చేతికి తీసిన ఎక్స్‌రే ఫిల్ము ఒకటి. ఆ ఫిల్ము చూసి ముగ్గురు డాక్టర్లు ఒకే గొంతుతో చెప్పిన మాట ఒకటి. "భుజం బిగుసుకుపోయింది, ఏడాది పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు, వ్యాయామం చేయించుకోండి" అని. ఆ వ్యాయామం చేయించిన మనిషికి మా ఇంట్లో పహిల్వాన్ అని పేరు పెట్టాం. అతను చేయి పట్టి ఒక్క లాగు లాగితే నేను కళ్లు తిరిగి కుర్చీలోంచి జారిపోయాను. పోయిన వారం కథ అక్కడే ఆపాను. ఇవి కాక, స్పృహ వచ్చాక విసుగులో నోరు జారి బావమరిదికి ఇచ్చేసిన మాట ఇంకొకటి ఉంది.

ఆ మాట ఎంత పెద్దదో కొత్తగా చదివేవాళ్లకు తెలియాలంటే నా వ్యాపారం తెలియాలి. నాది తివాచీల కొట్టు. తివాచీని గోడకు వేలాడదీసి అమ్మేవాళ్లు ఉన్నారు, బొమ్మల పుస్తకం చూపించి అమ్మేవాళ్లు ఉన్నారు. నేను విసిరి అమ్ముతాను. చుట్టను బల్ల మీద పెట్టి, అంచు పట్టుకుని, కుడిచేతిని ఒక్కసారి బయటికి విసురుతాను. చుట్ట దొర్లుకుంటూ పోయి, కొనడానికి వచ్చినవాళ్ల కాళ్ల ముందు సరిగ్గా విప్పుకుని ఆగుతుంది. అప్పటిదాకా ధర గురించి గొణిగిన మనిషి నోరు మూసుకుని కిందికి చూస్తాడు. నా బేరం సగం అక్కడే అయిపోతుంది. ఇప్పుడు ఆ విసురు లేదు. చెయ్యి కడుపుకి అతుక్కుపోయి ఉంది. అందుకే, "బుధవారం హోటల్ వాళ్లు వచ్చేసరికి కౌంటరు నీది. నేను మూల కుర్చీలో కూర్చుంటాను" అని బావమరిదికి చెప్పేశాను. ఊళ్లోకల్లా పెద్ద హోటలు కడుతున్నవాళ్లు. అన్ని అంతస్తులకూ తివాచీలు కావాలి. అలాంటి బేరం రోజున కుర్చీలో కూర్చున్న మనిషి, ఆ తరవాత ఇక లేవడు. అది నాకు తెలుసు. మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

"మూడు కొట్లు తిరిగి ధర అడిగారు. నాలుగో కొట్టు మెట్లెక్కితే అరిగిపోతారా?" అంది ఆ మంగళవారం పొద్దున్న, నా చెప్పులు గుమ్మం దగ్గర తిప్పి పెడుతూ.

"ఆ నాలుగో డాక్టరమ్మా అదే చెప్తుంది."

"చెప్తే విని వద్దాం. పదండి."

ఆ నాలుగో డాక్టరు ఎముకల సర్జను. పొట్టి మనిషి, కళ్లద్దాలు, మాట మాత్రం కత్తెరలా ఉంది. గదిలో ఒక బల్ల, గుండ్రటి స్టూలు, మూలన చేతులు కడుక్కునే తొట్టి, అలమరలో ప్లాస్టిక్ ఎముకల బొమ్మలు. నేను అలవాటుగా ఫిల్ము తీసి బల్ల మీద పెట్టాను. నా దృష్టిలో అది చాలా తెలివైన పని. నమూనా గుడ్డముక్క ఒకటి జేబులో వేసుకుని బజారంతా ధరలు కనుక్కున్నట్టు, ఒకే ఫిల్ముతో అందరి అభిప్రాయాలూ పోగేస్తున్నాను. మళ్లీ మళ్లీ ఫొటోలు ఎందుకు, ఎముక ఏమన్నా మారుతుందా?

డాక్టరమ్మ ఆ కవరును బోర్లించి పక్కకి జరిపింది.

"చొక్కా విప్పండి."

"ముందు ఫిల్ము చూడరా?"

"ఫిల్ము ఎక్కడికీ పోదు. మీరే పోయేలా ఉన్నారు. ఇప్పటికి ముగ్గుర్ని దాటుకుని వచ్చారుగా."

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆవిడ సాయంతో చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాను. డాక్టరమ్మ నా వెనక్కి వెళ్లి నిలబడింది. ముట్టుకోలేదు. చూస్తూ ఉంది. నేను కొత్త సరుకు దిగినప్పుడు ఇలాగే చూస్తాను, చేయి వేయకుండా. అప్పుడే నాకు కొంచెం గురి కుదిరింది.

"మీరూ ఇలా రండమ్మా," అని మా ఆవిణ్ని పిలిచింది. "రెండు భుజాలూ చూడండి. తేడా ఏమైనా కనిపిస్తోందా?"

మా ఆవిడ వంగి చూసింది. "ఎడమవైపు ముందర గుండ్రంగా ఉంది. కుడివైపు చదునుగా అయిపోయింది. అయ్యో, వెనకాల ఇదేంటండీ, ఉబ్బెత్తుగా?"

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?" అన్నాను.

"చూడనిస్తేగా! చొక్కా మార్చుకోవాలన్నా తలుపేసుకుని లోపల మూలుగుతారు."

డాక్టరమ్మ స్టూలునీ నన్నూ కలిపి తన వైపు తిప్పేసింది. "మోచేతులు రెండూ నడుముకి అతికించండి. ముంజేతులు ముందుకి. ఇప్పుడు తలుపు రెక్కలు తీసినట్టు రెండూ బయటికి తెరవండి."

ఎడమ రెక్క హాయిగా తెరుచుకుంది. కుడిది కడుపు దగ్గరనుంచి కదల్లేదు. ఆవిడ రెండు వేళ్లతో నా మణికట్టు పట్టుకుని మెల్లగా బయటికి జరపబోయింది. టక్కున ఆగిపోయింది. ఇంకోసారి. మళ్లీ అదే చోట టక్కున.

"పహిల్వాన్ ఇక్కడే లాగాడు," అన్నాను పళ్లు బిగించి.

"ఇంకెప్పుడూ లాగనివ్వకండి. బిగుసుకున్న కీలు తడిసిన తోలులా కొంచెం సాగి ఆగుతుంది. ఇది సాగడం లేదు. ఎముకకి ఎముక అడ్డం పడుతోంది." ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది. "పడ్డారా?"

"లేదు."

"బండి మీదనుంచి గానీ, మెట్ల మీదనుంచి గానీ?"

"లేదండీ."

"మూర్ఛ ఎప్పుడైనా వచ్చిందా?"

"మా వంశంలోనే లేదు."

మూడు ప్రశ్నలకీ నేను నిజమే చెప్పాను. పైగా అడిగినంతే చెప్పాను. వ్యాపారంలో నా మొదటి నియమం అది. ఎర్రరంగు అడిగినవాడికి ఎర్రరంగే చూపించాలి. అడగని నీలం కూడా తీశామంటే వాడు రెండూ వదిలేసి, "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోతాడు. ఈ నియమంతోనే ముగ్గురు డాక్టర్ల గదుల్లోనూ కూర్చున్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "సరే. నొప్పి మొదలైన రోజు గురించి చెప్పండి. పొద్దున్న కళ్లు తెరిచిన దగ్గర్నుంచి."

"లేచాను. కాఫీ తాగాను. కొట్టుకి వెళ్లాను. షట్టరు ఎత్తాను. సాయంత్రానికి భుజం..."

"ఆగండి. షట్టరు ఎత్తగానే సాయంత్రం అయిపోయిందా?"

మా ఆవిడ ఊరుకోలేదు.

"ఈయన షట్టరు ఎత్తలేదండీ, షట్టరే ఈయన్ని పట్టుకుంది! అంతకు ముందంతా ఒకటే వాన. బోర్డు లైటు తీగ ఎక్కడో ఒలిచిపోయి ఆ ఇనప రేకుకి తగిలింది. ఈయన పిడి పట్టుకున్నారు, అంతే, కొయ్యబారిపోయారు. అరుపు లేదు, కదలిక లేదు. పక్క కొట్టాయన పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపితే గానీ చేయి ఊడి రాలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి ఆ కబురు విని!"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కరెంటు షాకా? ఈ మాట ఆ ముగ్గురిలో ఎవరికైనా చెప్పారా?"

"వాళ్లు అడగలేదు," అన్నాను. "పడ్డారా అన్నారు. నేను పడలేదు. నిలబడే ఉన్నాను."

"షాక్ కొట్టాక ఏం చేశారు?"

"కరెంటువాణ్ని పిలిపించి తీగ మార్పించాను."

"షట్టరుకి వైద్యం చేయించి, మీ సంగతి వదిలేశారన్నమాట!" అని ఆవిడ పకాలున నవ్వింది. అలమర తలుపు తీసి, బంతి, చిన్న గిన్నె లాంటి ఎముక బొమ్మ పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆవిడ మాట వేగం పెరిగింది. "వినండి. భుజమంటే ఇదే. ఈ బంతి ఈ గిన్నెకి ఆనుకుని తిరుగుతుంది. చేతిని లోపలికి తిప్పే కండలు బలమైనవి, బయటికి తిప్పేవి వాటి ముందు పిల్లకాయలు. కరెంటు తగిలితే అన్నీ ఒక్కసారే బిగుస్తాయి. బలమైనవే గెలుస్తాయి. బంతిని మెలితిప్పి వెనక్కి తోసేస్తాయి. దీనికి పడక్కర్లేదు, దెబ్బ తగలక్కర్లేదు. నిలబడ్డచోటే జరిగిపోతుంది."

"అంటే నా భుజం..."

"గూడు తప్పిందని నా అనుమానం. అదీ వెనక్కి. చాలా అరుదు. అందుకే తప్పించుకు తిరుగుతుంది."

ఇప్పుడు ఫిల్ము తీసింది. గోడ మీద లైటు పెట్టెకి అంటించింది. "ఇది ఎదురుగా తీసిన ఫొటో. బంతి ఎక్కడుంది?"

"గిన్నెలోనే ఉన్నట్టుంది."

"ఉన్నట్టే ఉంటుంది. కాకపోతే మరీ బల్బులా గుండ్రంగా కనబడుతోంది. చేయి లోపలికి తిరిగి ఇరుక్కుంటే ఇలా కనబడొచ్చు. దీన్నిబట్టి అనుమానపడగలను, ఒట్టు పెట్టలేను. మీరు తివాచీ కొనేటప్పుడు ముందు ఏం చూస్తారు?"

ఈ ప్రశ్నకి ఆలోచించాల్సిన పనేముంది! "అంచు మడిచి పక్కనుంచి చూస్తాను. ఎదురుగా చూస్తే రంగు తెలుస్తుంది గానీ, మందం తెలియాలంటే..."

నెలకి పైగా నేను ముగ్గురు పెద్దమనుషులకి తివాచీ ఎదురుగా పరిచి చూపించి, బాగుందా లేదా అని అడుగుతున్నాను. అంచు ఒక్కరికీ చూపించలేదు. ఒకాయన పక్కనుంచి ఇంకో ఫొటో తీయిద్దామంటే, "ఉన్నది ఉందిగా" అని నేనే నచ్చజెప్పాను కూడా!

"వాళ్లని అనకండి," అంది డాక్టరమ్మ, నా మొహం చదివినట్టు. "మీరు ఎంత చూపిస్తే అంతే చూశారు. పదండి, అంచు చూద్దాం."

ఎక్స్‌రే గదిలో ఉన్నతనికి ఈ ఫొటో అంటే ఇష్టం లేదు. చేయిని పక్కకి ఎత్తి, చంకలోనుంచి కిరణం పంపాలి. "ఇంకొంచెం ఎత్తండి సార్" అంటాడు, నేను "ఇదే నా గరిష్ఠం నాయనా" అంటాను. చివరికి డాక్టరమ్మే సీసపు కోటు తొడుక్కుని వచ్చి, నా మోచేయి తన అరచేతిలో పెట్టుకుని జానెడు దూరం జరిపి పట్టుకుంది. నా కళ్ల ముందు చుక్కలు మెరిశాయి. "ఊపిరి ఆపండి" అన్నాడతను. నేను అప్పటికే ఆపేసి ఉన్నాను.

తెర మీద బొమ్మ వచ్చేసరికి గది గుమ్మంలో బావమరిది కూడా నిలబడి ఉన్నాడు. మర్నాటి హోటల్ బేరం గురించి అడగడానికి కొట్టునుంచి నేరుగా వచ్చాడు. మేం నలుగురం తెర ముందు గుమిగూడాం.

డాక్టరు చదువు అక్కర్లేదు, గుడ్డివాడికి తప్ప ఎవరికైనా తెలుస్తుంది. గిన్నె ఒకచోట ఉంది. బంతి దాని వెనక అంచు మీద ఎక్కి కూర్చుంది. గోడ దూకబోయి నడుం పట్టేసి అక్కడే ఉండిపోయిన మనిషిలా ఉంది. పైగా ఆ అంచు బంతిలోకి దిగబడి, సొట్ట చేసి, అందులోనే ఇరుక్కుంది.

"దొరికాడు!" అంది డాక్టరమ్మ, బల్ల మీద చరిచి.

"దొరికాడు!" అని నేనూ అరిచాను. నా ఎముక గూడు తప్పిందని తెలిసి అంత సంబరపడ్డవాణ్ని ఆ ఆస్పత్రి ఎన్నడూ చూసి ఉండదు. కానీ నా లెక్క నాకుంది. అప్పటిదాకా నా జబ్బుకి ఆకారం లేదు, గడువు లేదు. ఏడాదో రెండేళ్లో అన్నారు. ఇప్పుడు మొహం తెలిసింది, చిరునామా తెలిసింది. తెలిసినవాడితో బేరం ఆడొచ్చు.

"పెట్టేయండి మరి! గూట్లో పెట్టేయండి," అన్నాను.

డాక్టరమ్మ నవ్వు తగ్గించింది. "అక్కడే ఉంది చిక్కు. నెల దాటింది. మొదటి రోజుల్లో అయితే మత్తిచ్చి మెల్లగా జరిపేదాన్ని. ఇప్పుడు అది అక్కడ కాపురం పెట్టేసింది. బహుశా కోసి తెరవాలి. ఇక ఆ సొట్ట. చిన్నదైతే పూడ్చొచ్చు. బంతిలో సగం పోయి ఉంటే ఆ బంతి పనికిరాదు, తీసేసి లోహపు బంతి పెట్టాలి. దాంతో అన్నం తింటారు, తల దువ్వుకుంటారు. తివాచీలు విసరడం మాత్రం మరిచిపోవాలి."

"సొట్ట ఎంతో ఎప్పుడు తెలుస్తుంది?"

"ఇప్పుడే. స్కానింగ్ గది కిందే ఉంది."

ఆ స్కానింగ్ సొరంగంలో పడుకుని నేను దేవుణ్ని తలుచుకున్నానని చెబితే అబద్ధం అవుతుంది. పావు, సగం, పావు, సగం అనుకుంటూ పడుకున్నాను. బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని, గీతలు గీసి కొలుస్తోంది. మా ఆవిడ నా ఎడమచేతిని గట్టిగా పట్టుకుంది. బావమరిది ఆ గీతలకేసి వంగి చూస్తున్నాడు.

"పావు వంతు దాటింది," అందావిడ. "సగానికి చాలా దూరంలో ఉంది. మీ బంతి మీకే ఉంటుంది."

మా ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను ఎడమచేత్తో ఆవిడ తల నిమరబోయి ముక్కు నిమిరాను.

"ఎప్పుడు చేస్తారు?"

"రేపు పొద్దున్నే. మొదటి కేసు మీదే."

"రేపా!" అన్నాడు బావమరిది. "రేపు హోటల్ వాళ్లొస్తారు డాక్టర్ గారూ. బావ కుర్చీలో కూర్చున్నా చాలు, ఆయన మొహం చూసి వస్తున్నవాళ్లు."

నేనూ బేరం మొదలుపెట్టాను. "వచ్చే సోమవారం పెట్టుకుందాం డాక్టరమ్మా. నెల ఆగిందిగా, ఇంకో అయిదు రోజుల్లో ఏం కొంప మునుగుతుంది?"

"మీరు చేయి ఊపినప్పుడల్లా ఆ అంచు సొట్టని ఇంకాస్త తొలుస్తోంది. ఈ రోజు పావు పైచిలుకు. సోమవారం ఎంతో నేను చెప్పలేను. మీరు చెప్పగలరా?"

"పోనీ శుక్రవారం."

"ఇది ఒకే ధర కొట్టు. బేరాల్లేవు."

ఆ మాట నా కొట్లో బోర్డు మీద నేను రాయించుకున్నది. ఎదుటివాళ్ల నోట వింటే ఎంత చిరాగ్గా ఉంటుందో ఆ రోజే తెలిసింది. బావమరిది మొహంలోకి చూశాను. వాడికి మాటలు వచ్చు, మనుషులు తెలుసు. కానీ చుట్ట విసిరితే అది వంకరగా పోయి గోడకి కొట్టుకుంటుంది. ఊళ్లోకల్లా పెద్ద బేరాన్ని వాడి చేతిలో పెట్టి, నేను మత్తులో పడుకోవాలి. ఒకవైపు చేయి, ఇంకోవైపు ఆ చేయి ఏ కౌంటరు కోసమో ఆ కౌంటరు.

"అక్కని అడుగు," అన్నాడు వాడు మెల్లగా.

"నన్నడగక్కర్లేదు," అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుని. "హోటళ్లు ఇంకా కడతారు. చేతులు ఎవడూ కట్టడు."

సంతకం ఎడమచేత్తో పెట్టాను. కోడి గీకినట్టు వచ్చింది.

మర్నాడు ఆపరేషన్ గదిలో దీపం కింద పడుకున్నాను. మత్తు డాక్టరు అంకెలు లెక్కపెట్టమన్నాడు. నాకు చేతనైన పని కదా అని హుషారుగా మొదలుపెట్టాను. ఎంతదాకా వెళ్లానో నాకు తెలియదు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ నడినెత్తికి వచ్చింది. కుడిచేయి నాది కానట్టు మొద్దుబారి, శరీరానికి పక్కగా ఒక దిండు మీద బెల్టుతో కట్టి ఉంది. డాక్టరమ్మ టోపీ కూడా తీయకుండా మంచం పక్కన నిలబడి ఉంది. నుదుటి మీద టోపీ అచ్చు పడింది.

"మత్తులో మొదట ఊరికే జరిపి చూశాను. మొండికేసింది. తెరిచాం. అంచు మీదనుంచి లేపేసరికి నాకూ చెమటలు పట్టాయి. మొత్తానికి గిన్నెలో కూర్చుంది. సొట్ట ఖాళీగా వదిలితే మళ్లీ అంచు పట్టుకుంటుంది కదా. అందుకని భుజం ముందరి కండని, అది అంటుకున్న ఎముక ముక్కతో సహా తెచ్చి, అందులో పెట్టి మరలు బిగించాను. కుట్లు వేసే ముందు మీ చేతిని బయటికి తిప్పి చూశాను."

"ఆగిందా?"

"ఆగలేదు. తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది." ఆవిడ చెయ్యి గాలిలో అలా విప్పి చూపించింది. "మీరు స్వయంగా తిప్పడానికి ఇంకా చాలా రోజులుంది. ఆరు వారాలు ఈ బెల్టు తీయకూడదు. ఆ తరవాత వ్యాయామం. తివాచీ మాట అప్పుడే ఎత్తకండి. వేళ్లు కదపండి చూద్దాం."

కదిపాను. చూపుడువేలు లేచింది. దాని వెనకాలే మిగతావీ లేచాయి. మా ఆవిడ ఆ వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. రొప్పుతున్నాడు.

"బావా, ఎలా ఉన్నావ్?"

"నా సంగతి సరే. వాళ్లొచ్చారా?"

"వచ్చారు. నువ్వు లేవని తెలిసి వెనక్కి తిరగబోయారు. నాకు ఏం చేయాలో తోచలేదు. విసిరితే పరువు పోతుంది. అందుకని చుట్టలన్నీ ముందే నేల మీద పరిచేసి, మీ బూట్లు విప్పండి అన్నాను."

"బూట్లా?"

"మేజోళ్లు కూడా. మీ హోటల్లో దిగేవాళ్లు పొద్దున్నే మంచం దిగితే దీని మీదే కాలు పెడతారు, మీరూ పెట్టి చూడండి అన్నాను. ఆ పెద్దాయన ఒక దాని మీదనుంచి ఇంకోదాని మీదికి నడుస్తూనే ఉన్నాడు బావా, చిన్నపిల్లాడిలా! దిగమంటే దిగడు. అన్ని అంతస్తులూ మనకే ఇచ్చారు."

ఇన్నేళ్లలో నేను కొనేవాళ్ల కాళ్ల ముందు తివాచీ ఆపాను గానీ, కాళ్లు దాని మీద పెట్టించాలని ఒక్కనాడూ అనుకోలేదు.

"శభాష్ రా!" అన్నాను. కుట్లు చురుక్కుమన్నాయి.

వాడు నవ్వలేదు. మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకో సంగతి బావా. వాళ్లు వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచారు. తమ దగ్గరికి వచ్చేయమన్నారు. పరదాలు, పరుపులు, తివాచీలు, కొనడమంతా నా చేతిలో పెడతారట."

"నువ్వేమన్నావు?"

"మా బావనడిగి చెప్తానన్నాను. వాళ్లు సాయంత్రందాకా ఆగుతామన్నారు."

మా ఆవిడ తమ్ముణ్ని చూసింది, నన్ను చూసింది, కిటికీ వైపు తిరిగింది.

నేను తలగడ మీద తల ఆనించి లెక్క తేల్చుకున్నాను. బంతి గిన్నెలోకి వచ్చింది. వేళ్లు నా మాట వింటున్నాయి. బేరం నిలబడింది. నిన్నటిదాకా నా కౌంటరు కాజేస్తాడేమోనని నేను జడిసిన మనిషి, నా కొట్టుకి ఇన్నేళ్లలో దొరికిన అన్నింటికన్నా మంచి సరుకని తేలింది. ఇదంతా ఒక్కరోజు లాభం. ఆ సరుకు సాయంత్రానికి నా దగ్గరే ఉంటుందా అన్నది ఒక్కటే తేలకుండా మిగిలింది.

"కూర్చో," అన్నాను బావమరిదితో. "నీకేం కావాలో ముందు నువ్వు చెప్పు."

బేరంలో మొదటి మాట ఎదుటివాడికి వదిలిపెట్టడం నా జన్మలో అదే మొదలు.